సుగ్గికాలంలో అడిగిన అభిప్రాయం

2025 ఫిబ్రవరి. ఆదోని మార్కెట్ యార్డు. పొద్దున తొమ్మిది దాటింది. కాళ్ల కింద దూది పలచగా పరుచుకుని ఉంది. గాలి వీచినప్పుడల్లా లేచి మీ చొక్కా మీద, కనురెప్పల మీద వాలుతోంది. రెండు వైపులా బోరాలు, విప్పి పోసిన పత్తి కుప్పలు, వాటి పక్కనే తలగుడ్డ పరుచుకుని కూర్చున్న రైతులు. రాష్ట్రంలో పత్తికి పెద్ద మార్కెట్ ఇదే. ఈ సీజనులో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. చదువు రానివాళ్లకు కూడా ఇక్కడ ఆ అంకె నోటికొచ్చు.

కౌతాళం వైపు నుంచి వచ్చిన ఒక రైతు మీ ముందుకు చీటీ చాస్తాడు. తక్‌పట్టీ. "రోంత సదివి చెప్పన్నా."

మీరు చదువుతారు. రైతు పేరు, ఊరు. కమీషన్ ఏజెంటు పేరు. సరుకు కొన్నవారి పేరు. తూకం, ధర, కోతలు, చివరికి చేతికొచ్చేది. అంతా విని అతను ధర దగ్గర ఆగడు. వేలు పైకి జరిపి అడుగుతాడు: "కొన్నాయన పేరు ఈడ రాసిండాదా?" రాసి ఉంది. రేపు లెక్కలో తేడా వచ్చినా, డబ్బు చేతికి రాకపోయినా నిలదీయాల్సింది ఆ పేరునే. చీటీని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకుంటాడు. పేరు లేకపోతే అది ఉత్త కాగితమని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

యార్డు బయటికొచ్చి ఎమ్మిగనూరు బస్సెక్కండి. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దారి. నల్లరేగడి చేలల్లో పత్తికట్టె నిలబడి ఉంది. కొన్నిచోట్ల పీకి కుప్ప వేశారు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందిన చోట పచ్చగా ఉంది, అందని చోట మన్ను నెర్రెలిచ్చింది. హారన్ కొట్టుకుంటూ ఒక బొలెరో మీ బస్సును దాటిపోతుంది. వెనకవైపు నిండా మనుషులు. బియ్యం మూటలు, బిందెలు, చాపలు, వాటి మధ్య ఇరుక్కున్న ఇద్దరు బడి పిల్లలు. "గుంటూరుకు," అంటాడు పక్క సీటాయన తల తిప్పకుండానే. "సుగ్గికి."

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, పెద్దకడబూరు, ఆలూరు వైపు పల్లెల్లో పనికోసం వలస పోవడాన్నే సుగ్గి అంటారు. ఖరీఫ్ పని అయిపోయాక గుంటూరు మిరప చేలకు కుటుంబాలకు కుటుంబాలు కదిలిపోతాయి. మిరపకాయల కోత ముగిసేదాకా అక్కడే గుడిసె, అక్కడే పొయ్యి. కొందరు కర్ణాటక, తెలంగాణ వైపు పోతారు. ఊర్లో ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన చిన్నపిల్లలు, కదల్లేని జబ్బు మనుషులు మిగులుతారు. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ ఊళ్లల్లోకి పోతే తాళాలు పలకరిస్తాయి. పడమటి కర్నూలు సంగతి మాట్లాడేవాళ్లెవరైనా ఈ మూడు నెలలు ఊళ్లు ఎలా ఉంటాయో చూసి మాట్లాడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఎమ్మిగనూరుకు చేరకముందే దిగిపోండి. అదిగో, ఒక మండల పరిషత్తు ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ ప్రజావేదిక. ముందు వరసలో మండల అధికారులు, ఉపాధి సిబ్బంది. ఒక పక్కన ఫీల్డ్ అసిస్టెంట్లు, ముఖాలు బిగుసుకుపోయి. ఎదురుగా పట్టాల మీద ఊళ్లనుంచి వచ్చిన జనం, ఎక్కువమంది తెల్లజుట్టు వాళ్లే. మైకు ముందు నిలబడ్డ కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. గ్రామ సామాజిక తనిఖీ సభ్యుడు. కూలి కుటుంబాల పిల్లల్ని ఎంచుకుని, శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ తిప్పి, మస్టర్లను జాబ్ కార్డులతో పోల్చి చూడమంటారు. ఈ అబ్బాయి తల్లీతండ్రీ కూడా ఇప్పుడు గుంటూరు జిల్లాలోనే ఉన్నారు.

అతను మస్టరు చదవడం మొదలుపెడతాడు. పని పేరు, వారం, మనిషి పేరు, ఎన్ని రోజులు, ఎంత కూలి. మొదటి పేరు. "వచ్చింటి సార్" అని ఒక గొంతు. రెండో పేరు, మూడో పేరు. నాలుగో పేరు దగ్గర పట్టా మీద ఒక అవ్వ మోకాలి మీద చెయ్యి ఊని పైకి లేస్తుంది.

"అది మా కోడలి పేరు. ఆ నెల వాళ్లు ఊర్లో యాడుండిరి? సుగ్గికి పోయింటిరి కదా. ఆరు దినాలు పని చేసినట్ల ఎవురు రాస్తిరి?"

కాస్సేపు ఎవరూ మాట్లాడరు. ఫీల్డ్ అసిస్టెంటు ఏదో సర్దిచెప్పబోతాడు: హాజరు యాప్‌లో ఫోటో ఉందని, వేరే మనిషి వచ్చి ఉంటుందని. ముందు వరసలోని అధికారి ఫోటో తెరవమంటాడు. ఫోనును దగ్గరగా, దూరంగా పట్టుకుని చూస్తారు. ఎండలో తీసిన గుంపు ఫోటో. అందులో ఎవరు ఎవరో ఆ ఫోను చెప్పదు. అవ్వ చెబుతుంది. "ఈమె మా కోడలు కాదు" అంటుంది. వివరం రాసుకుంటారు. కుర్రాడు తరువాతి పేరుకు పోతాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఈ తప్పును పట్టింది కంప్యూటరు కాదు, పై అధికారి తనిఖీ కూడా కాదు. ఒక పేరు నలుగురిలో పైకి వినబడింది, ఆ పేరుగల మనిషి ఆ నెలలో ఎక్కడుందో తెలిసిన ఇంకో మనిషి అక్కడ కూర్చుని ఉంది. ఈ పద్ధతి పైనుంచి ఎవరో కనిపెట్టి ఇచ్చింది కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్‌కిరానాలో జరిపిన జన సున్‌వాయీ, అంటే ప్రజా విచారణలో చేసింది ఇదే: కూలీల లిస్టులు చదివారు, జనం లేచి నిజం చెప్పారు. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. ఆ లిస్టుల నకలు మాకివ్వండన్న కూలీల డిమాండే తొమ్మిదేళ్లకు 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం అయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 2న మన పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. అదే ఏడాది మన రాష్ట్రం సామాజిక తనిఖీని చేపట్టింది. మస్టరు, చట్టం, ప్రజావేదిక ఒకే వంశానికి చెందినవి.

మధ్యాహ్నం. షామియానా కింద భోజనాలు. ఆ కుర్రాడు మీ పక్కనే విస్తరాకు పెట్టుకుంటాడు. తిన్నాక చెయ్యి తుడుచుకుని ఫోను తీసి ఒక కాగితం చూపిస్తాడు. ఎవరో పంపారు. ఢిల్లీ నుంచి వచ్చిన నోటీసు. "సార్, ఇది మనకు సంబంధించిందేనంట. ఇంగ్లిషులో ఉంది. రోంత చెప్తారా?"

చదవండి. 2025 జనవరి 3న కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ విడుదల చేసిన ముసాయిదా. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కింద చేయబోయే నియమాలు, మొత్తం ఇరవై రెండు. గెజిట్‌లో హిందీ, ఇంగ్లిషుల్లో ఉన్నాయి. ఫిబ్రవరి 18 లోగా అభిప్రాయాలు చెప్పాలి. ఆ గడువును తరువాత మార్చి 5 దాకా పెంచారు. చెప్పేదేదైనా మైగవ్ వెబ్‌సైటులోనే. వచ్చిన అభిప్రాయాలను ఎవరికీ వెల్లడించరట, జనం భయం లేకుండా చెప్పడానికే అలా పెట్టామన్నారు. చివర్లో, ఎవరేమన్నారో చెప్పకుండా, ఒక సారాంశం వేస్తారు.

ఇందులో సమాచార హక్కు మాట ఎక్కడుందని కుర్రాడు అడుగుతాడు. నియమాల్లో లేదు. అసలు చట్టంలో ఉంది. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆ చట్టంలో 44వ సెక్షను, మూడో ఉపవిభాగం. అది సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును తీసేసి ఇంకోటి పెట్టింది. ఈ నియమాలు తేలితే ఆ చట్టం అమలుకు దారి పడుతుంది, దాంతోపాటే ఆ క్లాజూ వస్తుంది.

విస్తరాకు పక్కన పెట్టి ఆ పాత క్లాజును అతనికి తెలుగులో చెప్పండి. ఒకరి వ్యక్తిగత సమాచారానికి ప్రజా వ్యవహారంతో సంబంధం లేకపోతేనే, లేదా బయటపెడితే అతని ఏకాంతానికి అకారణంగా భంగం కలిగితేనే అధికారి ఇవ్వనక్కర్లేదు. అప్పుడు కూడా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాల్సిందే. పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని ఏ పౌరుడికీ కాదనకూడదని దాని కింద ఇంకో మాట. కొత్త క్లాజులో ఈ షరతులేవీ లేవు. వ్యక్తిగత సమాచారానికి సంబంధించినదైతే ఇవ్వనక్కర్లేదు. అంతే.

కుర్రాడు మస్టరు కట్ట వైపు చూస్తాడు. "అయితే ఇందులో ఉండేదంతా పేర్లే కదా సార్."

నిజాయితీగా జవాబివ్వాలి. ఉపాధి హామీ చట్టం గ్రామసభతో సామాజిక తనిఖీ చేయించమంటోంది, అది వేరే చట్టం ఇచ్చిన హక్కు. కాబట్టి రేపే ఈ షామియానా ఎత్తేస్తారని ఎవరూ అనలేరు. కానీ డేటా చట్టం తన 38వ సెక్షనులో ఇంకో మాట కూడా రాసుకుంది: వేరే చట్టంతో పేచీ వస్తే తన మాటే చెల్లుతుందని. ప్రజావేదిక లేని చోట, సామాజిక తనిఖీ లేని పథకాల్లో, పౌరుడి చేతిలో ఉండేది ఒక్క సమాచార హక్కు అర్జీ. ఎమ్మిగనూరులో మగ్గాలున్న వీధుల్లో తిరిగితే అది అర్థమవుతుంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మనిషిని అడగండి: మగ్గం లేని ఇంటికి మగ్గం సాయం ఎలా వచ్చింది, మగ్గం ఉన్న ఇంటికి ఎందుకు రాలేదు? తెలుసుకోవడానికి దారి లబ్ధిదారుల లిస్టే. ఇళ్ల స్థలాలు, పంట నష్టం పరిహారం, రేషను, కాంట్రాక్టరు బిల్లులు, నకిలీ కుల ధ్రువపత్రంతో వచ్చిన ఉద్యోగం, వీటన్నిటికీ ఆధారం ఎవరిదో ఒకరి పేరే.

ఏకాంతం అక్కర్లేదని నేననడం లేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో దాన్ని ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది, ఆ తీర్పు మనందరిదీ. ఆ తీర్పు కోసమే ఈ మార్పు అన్నది ప్రభుత్వ వాదన. అయితే పాత క్లాజు అప్పటికే ఏకాంతాన్నీ ప్రజాప్రయోజనాన్నీ రెంటినీ తూచేది. తూచే పనిని తీసేసి ఒక పక్కకు మొగ్గడం తీర్పు అడిగిన పని కాదు. ఈ సంగతిని నాకంటే తేటగా చెప్పింది ఆ షామియానా కిందనే ఉంది. మీ మాటలు వింటూ వచ్చిన అవ్వ మధ్యలో కలగజేసుకుంటుంది:

"అకౌంటు నెంబరు మాకెందుకు నాయనా? ఆధారు మాకెందుకు? పేరు సదివితే సాలు. ఎన్ని దినాలో సదివితే సాలు."

ఆమెకు తెలియకపోవచ్చు గానీ ఆ మాట సమాచార హక్కు చట్టంలోనే ఉంది. పదో సెక్షను. దాచాల్సిన భాగం మీద నల్లగీత పెట్టి మిగతాది ఇవ్వవచ్చని. ఖాతా నంబరు, ఫోను, ఆధార్, జబ్బు వివరాలు కొట్టేసి పేరు, పని, రోజులు, డబ్బు ఉంచితే ఎవరి ఏకాంతమూ పోదు.

ఒక చట్టాన్ని మారుస్తున్నామంటే ఆ చట్టంతో బతికేవాళ్లను అడగాలి. 2014 ఫిబ్రవరిలో కేంద్రమే ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకటించింది: ముసాయిదాను కనీసం ముప్పై రోజులు జనం ముందు పెట్టాలి, తేలిక మాటల్లో వివరణ ఇవ్వాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశం వెబ్‌సైటులో ఉంచాలి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను అంతకంటే ముందే చెప్పింది, ప్రజలపై ప్రభావం చూపే విధానాలు చేసేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ వెల్లడించాలని, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని. ఇన్ని రాతలున్నా, ఆ చట్టం జోలికి వెళ్లిన ప్రతిసారీ అలా జరగలేదు. 2017 ఏప్రిల్‌లో సమాచార హక్కు నియమాల ముసాయిదా పెట్టారు. అప్పీలు చేసిన మనిషి చనిపోతే కమిషన్‌లో కేసు మూసేయవచ్చని అందులో ఒక నిబంధన. సమాచారం అడిగినందుకు మనుషులు హత్యలకు గురవుతున్న దేశంలో అది ఎలాంటి నిబంధనో చెప్పనక్కర్లేదు. జనం గట్టిగా వద్దన్నారు, ఆ నియమాలు అమలుకు రాలేదు. అడిగారు కాబట్టే వద్దనగలిగారు. 2019లో అడగనే లేదు. సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతం నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికిచ్చే సవరణను జూలై 22న లోక్‌సభ, 25న రాజ్యసభ ఆమోదించాయి. ముందస్తు సంప్రదింపు లేదు, సెలెక్ట్ కమిటీ లేదు. కేంద్ర సమాచార కమిషనరుగా పనిచేసిన మన వరంగల్ మనిషి మాడభూషి శ్రీధర్ లాంటివాళ్లు ఎంత చెప్పినా వినలేదు. ఇక 8(1)(జె) మార్పు 2022 నవంబరులో డేటా బిల్లు ముసాయిదాలో ఒక మూలన కనిపించింది. అప్పుడూ అభిప్రాయాలడిగారు, అప్పుడూ వచ్చినవాటిని బయటపెట్టబోమన్నారు.

అడిగితే ఏమవుతుందో బ్రిటన్‌లో చూడండి. 2015లో వాళ్ల సమాచార స్వేచ్ఛ చట్టాన్ని సమీక్షించడానికి ఒక కమిషన్ వేశారు. చట్టానికి కోత పెట్టడానికే ఈ పని అని అక్కడి పత్రికలు, ప్రజలు అనుమానపడ్డారు. ముప్పై వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. 2016 మార్చిలో కమిషన్ చట్టం బాగానే పనిచేస్తోందని తేల్చింది, అడగడానికి ఫీజు కూడా వద్దంది. అడిగితే జనం చెబుతారు, చెప్పినదానికి బరువూ ఉంటుంది.

సాయంత్రం నాలుగు. షామియానా విప్పుతున్నారు. కుర్రాడు మైకు పెట్టె మీద తెల్లకాగితం పరిచి, మన అభిప్రాయం రాద్దాం సార్ అంటాడు. చుట్టూ ఆరేడుగురు చేరతారు. తలా ఒక మాట. గుండ్రటి తెలుగు అక్షరాల్లో అతను రాస్తుంటే భుజం మీదుగా చూడండి. మస్టర్లలో, లబ్ధిదారుల లిస్టుల్లో పేర్లు తీయొద్దు. ఖాతా నంబర్లు, ఆధార్ కొట్టేయండి, మాకు అభ్యంతరం లేదు. పాత క్లాజును అలాగే ఉంచండి. ఒక పెద్దాయన ఇంకోటి చేర్చమంటాడు: ఈ చట్టం గురించి అడగాలంటే ఇట్లాంటి మీటింగు పెట్టి, తెలుగులో చదివి, అందరి ముందర అడగండి. "ఉగాదికి పెట్టమను. అప్పటికి సుగ్గి నుంచి జనం వచ్చింటారు."

ఆ ఏడు ఉగాది మార్చి 30న. గడువు మార్చి 5న అయిపోయింది.

నిజానికి ఇది చేయరాని పనేం కాదు. మండలానికో ప్రజావేదిక నడిపే అలవాటు, మనుషులు, పట్టాలు, మైకు మన దగ్గర 2006 నుంచీ ఉన్నాయి. కంపెనీలు వాళ్ల డేటా నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో కోరితే ఆ భాషలో ఇవ్వాలని డేటా చట్టమే శాసిస్తోంది. ఆ మర్యాదను ప్రభుత్వం తన ముసాయిదాకూ పాటిస్తే ఆదోని యార్డులో హమాలీ అయినా, ఎమ్మిగనూరు మగ్గం మీద నేతగాడైనా తన మాట చెప్పగలడు. ముసాయిదాను గ్రామ సచివాలయం గోడకు తెలుగులో అంటించి, అభిప్రాయాన్ని అక్కడే కాగితం మీద తీసుకుని రసీదు ఇవ్వాలి. చెప్పినవాడు దాచమంటే పేరు దాచాలి. మిగతావన్నీ బయట పెట్టాలి. అప్పుడు గాని దాన్ని సంప్రదింపు అనలేం.

కుర్రాడు రాసినదంతా ఫోనులో టైపు చేస్తాడు. వెబ్‌సైటు ఓటీపీ అడుగుతుంది. నంబరు వాళ్ల నాయనది. ఫోను చేస్తాడు. అవతల మిరప చేనులో గాలి హోరు, ఎవరో కేక. "నాయనా, ఇప్పుడొక నంబరు వచ్చింటాది, చెప్పు." రెండుసార్లు తప్పు చెప్పి, మూడోసారి పక్కన ఎవరితోనో చదివించి చెబుతాడు తండ్రి. తెలుగులో రాసిన అభిప్రాయం వెళ్లిపోతుంది.

2025 నవంబరులో నియమాలు నోటిఫై అయ్యాయి. డేటా చట్టం 44(3) అమల్లోకి వచ్చింది. పాత 8(1)(జె) ఇప్పుడు లేదు. సమాచార హక్కు చట్టంలో మిగిలింది 8(2): దాచడంవల్ల రక్షణ పొందే ప్రయోజనం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే అధికారి సమాచారం ఇవ్వవచ్చు. పదో సెక్షనూ ఉంది. వాడుకోవాలి, ప్రతి అర్జీలోనూ రాయాలి. అయితే ఒక తేడా వచ్చింది. సమాచారం ఎందుకో చెప్పనక్కర్లేదని ఈ చట్టం ఆరో సెక్షనులో పేదవాడికి మాటిచ్చింది. గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, తెల్లకార్డు ఉంటే ఎక్కడా లేదు, రాయడం రాకపోతే అధికారే రాసుకోవాలి, కారణం అడక్కూడదు. ఇప్పుడు పేర్లున్న ఏ లిస్టు కావాలన్నా ప్రజాప్రయోజనం ఏమిటో అడిగేవాళ్లే వాదించుకోవాలి. కాబట్టి ఆ కుర్రాడు రాస్తున్న కొత్త అర్జీలో కింద ఇంకో పేరా చేరింది. నాలుగు వాక్యాలు. మొదటిది ఇలా ఉంది: ఈ మస్టరు కాపీని పేర్లతో సహా ఎందుకు కోరుతున్నానంటే, ఇందులో పని చేసినట్టు చూపించిన వారాల్లో మా ఊరివాళ్లు గుంటూరు జిల్లాలో మిరపకాయలు కోస్తున్నారు.